పిస్తోలన్న

దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఏ మండల కేంద్రంలో చాయ్ హోటల్ ముందు ఆగినా ఒక పిస్తోలన్న కనబడతాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో చైను, చేతిలో రెండు ఫోన్లు. భార్య ఒకసారి సర్పంచి, తాను ఓడిపోయిన ఎంపీటీసీ, శ్రీశైలం రోడ్డు మీద వెంచర్లలో వాటాదారు. పేరు చూసి నడుముకు పిస్తోలు ఉంటుందనుకునేరు. లేదు. ఇంకా కొనలేదు. ఏది కొనాలో తేలలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పేరు మాత్రం ముందే వచ్చేసింది.

ఎందుకన్నా నీకు పిస్తోలు అంటే అడివి అంటాడు. చందంపేట దిక్కు ఆయనకు పల్లి చేను ఉంది. పందులు పడతాయి. పందుల పేరు మీద రాత్రి కావలి, కావలి పేరు మీద దోస్తులతో దావత్, దావత్‌లోకి ఒక కుందేలో నాలుగు కంజు పిట్టలో దొరక్కపోతాయా అన్న ఆశ. ఆ ఆశను వేట అని ఆయన ఎన్నడూ అనడు. "జెర్ర అట్ల తిరిగొస్తం" అంటాడు. అట్ల తిరిగేటప్పుడు చిరుత ఎదురైతే? గుడ్డెలుగు మీద పడితే? "చేతిల సామాను లేకుంటే ఎట్లనే?"

ఇక సామాను సంగతి. ఈ విషయంలో ఆయన చదువు గొప్పది, కాదనలేం. నిర్భీక్ రివాల్వర్ అంటే చాలు, కాన్పూర్‌లో తయారీ, 2014లో విడుదల, టైటానియం కలిపిన లోహం, అరకిలో బరువు, అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు అని గడగడా అప్పజెబుతాడు. కానీ దాన్ని ఆడవాళ్ల రక్షణ కోసమని ప్రచారం చేశారు. అక్కడ పడింది పేచీ. "ఆడోళ్ల సామాను నేనెట్ల పెట్టుకుంట?" అశని పిస్తోలు చూడ్డానికి సినిమాలో లెక్క ఉంటుంది గానీ, దానికి మ్యాగజైను. తూటా ఇరుక్కుంటే? "చిరుత ముంగట నిలబడి దాన్ని గుంజుకుంట కూసోవాల్నా?" రివాల్వర్‌కు ఆ బాధ లేదు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క గదిలోది ముందుకొస్తుంది. మరి నిడర్? పాయింట్ 22, పావుకిలో బరువు. "గది కుక్కకు గూడ సాలదు." 2023లో ప్రబల్ వచ్చింది. తూటా యాభై మీటర్ల దాకా పోతుందని తయారు చేసినవాళ్ల మాట. దీని మీద మనసు పడ్డాడు. అయితే బరువు ఏడువందల గ్రాములు. ఆయన బెల్టు ఇప్పటికే పొట్ట కింద కష్టం మీద నిలబడి ఉంది. రెండు ఫోన్లకు తోడు దీన్నీ మోయమంటే ప్యాంటు ఒప్పుకోదు. అలా ఎంపిక మళ్లీ మొదటికొస్తుంది, చాయ్ మళ్లీ వస్తుంది, డబ్బులు ఎవరో ఒకరు ఇస్తారు.

మధ్యలో డాలస్ నుంచి మేనల్లుడు ఫోటోలు పంపుతుంటాడు. టెక్సస్‌లో సొంతదారు ఒప్పుకుంటే అతని భూమిలో అడవి పందిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. పోరడు భుజాన రైఫిలు, నడుముకు నైన్ ఎంఎం పెట్టుకుని పికప్ బండి మీద కూర్చుని నవ్వుతుంటాడు. అది చూసినప్పుడల్లా పిస్తోలన్నకు ప్రజాస్వామ్యం మీద నమ్మకం సడలుతుంది. ఎందుకంటే ఇక్కడ నైన్ ఎంఎం, పాయింట్ 38 రెండూ నిషిద్ధ బోరు. సైన్యం, పోలీసులు వాడే కొలతలు మామూలు పౌరుడికి రావు. మనకు మిగిలినవాటిలో ముఖ్యమైంది పాయింట్ 32. దిగుమతులు 1980లలోనే ఆగిపోయాయి గనుక తాతల నాటి వెబ్లీ రివాల్వర్ ఎవరి దగ్గరైనా ఉంటే దానికి లక్షలు పలుకుతాయి. ఆ లక్షలతో వెంచర్‌లో ప్లాటు వస్తుందని ఆయనకే తెలుసు. ఎందుకంటే అమ్మేది ఆయనే.

ఒకరోజు ఈ పాయింట్ 32 గురించి ఉపన్యాసం సాగుతుంటే పక్క బెంచీ మీద గొర్ల కాపరి ఒకాయన బీడీ ముట్టించుకుని విన్నాడు.

"ఎంత దూరం పోతదే అది?"

"గురి తగలాల్నంటే ఇరవై మీటర్లు అనుకో కాక."

"పంది అంత దూరంల ఉంటే నువ్వు కొడతవా, అది నిన్ను కొడతదా?"

పిస్తోలన్న అడవి పంది శరీర నిర్మాణం మొదలుపెట్టాడు. కాపరి వినలేదు. "మగపంది బుజం మీద తోలు మందం ఉంటది బిడ్డా. గీ గింత గోలి తగిలితే దానికి కోపం ఎక్కువైతది, గంతే" అన్నాడు. నల్లమలలో తిరిగే చెంచులు విల్లు పట్టారే గానీ రివాల్వర్ పట్టలేదు. అడివిలో చప్పుడు చేసుకుంటూ నడవడం, గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, ఎలుగు వాసన తగిలితే దారి మార్చడం వాళ్లకు తెలిసిన రక్షణ. కాపరికి ఒక కర్ర, రెండు కుక్కలు. ఈ రెండు పద్ధతులూ పిస్తోలన్నకు తెలుసు. ఫోటోలో బాగుండవని ఆయన అభ్యంతరం.

అసలు పాలమూరు గడ్డ మీద తుపాకీ ఫోటోకు మొదటి హక్కుదారు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆయన మూలంగానే. ముప్పైకి పైగా పులులను కొట్టాడని, అందుకే తీస్‌మార్ ఖాన్ అన్నారని చెప్పుకుంటారు. ఫర్హాబాద్ కొండల మీద నిజాంల షికారు బంగళా ఉండేది. పిస్తోలన్న అక్కడ సెల్ఫీ దిగి "రాజుల వారసత్వం" అని స్టేటస్ పెట్టాడు. నిజాం వేటకు పోతే అడివంతా జనం తప్పెట్లు కొట్టి పులిని తరిమి ముందుకు తెచ్చేవారు. పిస్తోలన్నకు తోడు వచ్చేది ఒక డ్రైవరు, ఒక బావమరిది. ఇద్దరిలో ఒకరు చీకటి పడితే బండి దిగరు.

సరే, అడివిలో దిగారే అనుకుందాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ ముందే దిగి కూర్చుంది. దాన్ని రాసినవాళ్లు పిస్తోలన్నను ఎప్పుడో చూసే ఉంటారని నా అనుమానం. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో మృగాన్ని చంపితే నేరం కాదని పదకొండో సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ మాట వినగానే పిస్తోలన్న బల్ల చరిచాడు. కింది వాక్యం చదవలేదు. ఆ సమయంలో ఆ మనిషి ఇదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. అంటే కుందేలు కోసం పోయి చిరుతను ఆత్మరక్షణ కోసం కాల్చానంటే కుదరదు. పైగా చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. అభయారణ్యంలో లిఖిత అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే తప్పు. వేట అయితే మూడేళ్లకు తగ్గని జైలు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా అటవీశాఖ చీఫ్ వార్డెన్ ఒప్పుకోవాలి. అమ్రాబాద్ పులుల అడివి రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఆ అంచున పల్లి చేను ఉండటం పందుల తప్పా, పిస్తోలన్న తప్పా?

ఆయుధాల చట్టం మరీ చిలిపిది. 1959లో చేసిన ఆ చట్టం రైతును మరిచిపోలేదు. పంట కాపలాకు ముందునుంచి మందు కూరే భర్మారు తుపాకీ కావాలంటే లైసెన్సు ఇవ్వడానికే మొగ్గు చూపుతుంది. రివాల్వర్ కావాలంటే మాత్రం ప్రాణానికి గట్టి ముప్పు ఉందని ఒప్పించాలి. ఠాణా నుంచి విచారణకు వచ్చిన పోలీసాయన "ఎవరితోటి ముప్పు?" అని అడిగితే పిస్తోలన్న నిజాయితీగా "పందులతోటి" అన్నాడు. భర్మారు పెట్టుకోండి సార్ అని సలహా వచ్చింది. పిస్తోలన్న నొచ్చుకున్నాడు. "మా తాత కాలంది. బెల్టుకు ఎట్ల పెట్టుకోవాలె?"

అప్పుడే అందరికీ అర్థమైంది, పంది విషయంలో ఆయనకు పెద్ద పట్టింపు లేదని. ఎమ్మెల్యే వెనక గన్‌మన్ నడుస్తుంటాడు కదా, ఆ నడకలో ఉన్న బరువు ఆయనకు కావాలి. గన్‌మన్‌ను ప్రభుత్వం ఇవ్వలేదు కనుక గన్ను తానే సమకూర్చుకోవాలి. అన్నదమ్ముల గెట్టు పంచాయితీలో చొక్కా అంచు కొంచెం పైకి లేవాలి. ఇది ఏ దరఖాస్తులో ఏ గడిలో రాస్తారు?

దరఖాస్తుకు శరీరం, మనసు రెండూ సరిగా ఉన్నాయని డాక్టరు కాగితం జతచేయాలి. అది ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టాడు. ఆయన భార్య చదివి, "మనసు మంచిగున్నదని రాసిచ్చినోని కాడికి నన్ను గూడ ఒకపారి తోల్కపో" అంది.

కొన్న పిస్తోలన్నలూ లేకపోలేదు. వాళ్ల కష్టాలు వేరు. ఎన్నికల నోటిఫికేషన్ పడితే తుపాకీ ఠాణాలో అప్పజెప్పమని కబురొస్తుంది. నల్లగొండ జిల్లాలో లెక్క చూడండి: 2018 డిసెంబరులో అసెంబ్లీ, 2019లో పంచాయతీలు, పార్లమెంటు, ఎంపీటీసీలు, 2021లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక, 2022లో మునుగోడు, 2023లో మళ్లీ అసెంబ్లీ, 2024లో మళ్లీ పార్లమెంటు. మునుగోడులో ముక్క, చుక్క ఏరులై పారి ఊరూరా పరాయి బండ్లు తిరిగిన ఆ నెలల్లో, రక్షణ నిజంగా అవసరమనిపించే రోజుల్లో, అన్న రివాల్వర్ గుడ్డలో చుట్టి ఠాణా బీరువాలో ఉంది. పోనీ పెళ్లిళ్లలోనైనా పనికొస్తుందా? బరాత్‌లో గాల్లోకి కాల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మన పిస్తోలన్న దరఖాస్తు ఇంకా తిరుగుతూనే ఉంది. చేను చుట్టూ ఆయన భార్య పాత చీరలు కట్టించింది, మూలమూలకు రేకు డబ్బాలు వేలాడదీసింది. ఈసారి పల్లికాయ కొంత ఇంటికొచ్చింది. ఆ సంగతి హోటల్‌లో ఆయన చెప్పడు.

మీ ఊళ్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. చాయ్ తాగించండి, నిర్భీకా ప్రబలా అన్నది ఓపిగ్గా వినండి, ఎందుకంటే వినేవాళ్లున్నంత కాలం ఆయన కొనడు. "జెర్ర అట్ల తిరిగొద్దాం" అంటే మాత్రం బండెక్కకండి. కేసు అయితే ఆయనకు వకీలు ఉన్నాడు, మీకు లేడు.