కార్డుల బాబాయి

కనుమ వెళ్లిన మర్నాడు రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద గ్రీటింగ్ కార్డుల బల్లలు ఎత్తేసేవారు. సరిగ్గా ఆ పూటే సంచీ పట్టుకుని బయల్దేరేవారు కార్డుల బాబాయి. మిగిలిపోయిన సరుకు సగానికి సగం ధరకి వస్తుంది కదా! తళుకుపొడి చల్లిన గులాబీలు, కొబ్బరిచెట్ల వెనక సూర్యోదయాలు ఏరి, ఇంకో పదకొండున్నర నెలల తర్వాత చెప్పాల్సిన శుభాకాంక్షల్ని అప్పుడే కొనేసేవారు. చిరంజీవి బొమ్మ ఉన్నవి మాత్రం ముట్టేవారు కాదు. మేనమామగారికి పంపలేం కదా అని.

ఇది తొంభైల నాటి మాట. ఇలాంటి బాబాయి ప్రతి ఊళ్లోనూ ఒకరుండేవారు. మా బాబాయి, అంటే మనం చెప్పుకుంటున్నాయన, మండలాఫీసులో హెడ్ గుమాస్తా. అందుకని ఆయన అభిమానాలకి కూడా ఒక రిజిస్టరు ఉండేది. ఎడమ పేజీలో పంపినవి, కుడి పేజీలో వచ్చినవి. ఒక ఏడు జవాబు రాకపోతే పేరు పక్కన పెన్సిల్ చుక్క. రెండో ఏడూ రాకపోతే ఎర్ర సిరాతో కొట్టివేత. ‘పాపం, ఆయన పోయి ఏడాదైందండీ’ అని పిన్నిగారు చెబితే, ‘వాళ్లబ్బాయి ఉన్నాడుగా, వాడు పంపొచ్చు’ అన్నారట.

దసరా సెలవుల్లో చిరునామాలు రాయడం మొదలు. పిన్‌కోడ్ లేని చిరునామా ఆయన దృష్టిలో తలకట్టు లేని అక్షరం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చిందని, మొదటి అంకె 5 అయితే మన దక్షిణాది వైపేనని, ఎదురుపడ్డవాళ్లకల్లా చెప్పేవారు. డిసెంబరు 20 నాటికి హైదరాబాదు కట్ట, 26కి జిల్లా కట్ట డబ్బాలో పడాలి. ఆలస్యమైనా ఫరవాలేదు, ఆయన కొనేవన్నీ ‘నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు’ అని రెండూ కలిపి అచ్చేసినవే. ఒకటో తారీఖు తప్పితే పద్నాలుగు ఉంది.

కవరు మూత అంటించేవారు కాదు. లోపలికి మడిచి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. అయితే దానికి షరతుండేది, లోపల ఉత్తరం రాయకూడదు. ఓసారి ఆయనకి ఆశ పుట్టింది. వియ్యంకుడికి పంపే కార్డులో ఖాళీ కనబడేసరికి పిల్ల పురుడు, వేరుశెనగ ధర, తన మోకాలి నొప్పి, అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో దట్టించారు. తపాలావారు విప్పి చూశారు. తగ్గిన స్టాంపుకి రెట్టింపు వియ్యంకుడి దగ్గర వసూలు చేశారు. ఆ శుభాకాంక్షలు ఆ కుటుంబంలో చాలాకాలం గుర్తున్నాయి.

అసలీ కార్డు పుట్టింది తీరిక లేనివాడికి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, పండక్కి వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాయలేక, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి దాదాపు వెయ్యి కార్డులు అచ్చేయించాడు. పని తగ్గించుకోవడానికి ఆయన కనిపెట్టినదాన్ని పట్టుకుని మన బాబాయి ఏడాది పొడుగునా పని కల్పించుకున్నారు.

సెల్‌ఫోన్లొచ్చాక కంగారుపడతారనుకున్నాం. పడలేదు. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ ‘మెర్రీ క్రిస్మస్’ అని, అది 1992 డిసెంబరు 3న వెళ్లిందని ఎక్కడో చదివి పొంగిపోయారు. ‘చూశావా, పండక్కి ఇరవై రెండు రోజుల ముందు! వాడెవడో మనవాడే’ అన్నారు. పండగ రోజుల్లో కంపెనీలు ఉచిత మెసేజీలు ఆపేసి పూర్తి రేటు వేస్తాయని తెలిసి, 30వ తారీఖు రాత్రే అందరికీ ‘అడ్వాన్స్ హ్యాపీ న్యూ ఇయర్’ కొట్టేసేవారు. ‘అడ్వాన్స్’ అన్న మాట ఆయన కోసమే పుట్టినట్టుండేది. ఇప్పుడు వాట్సాప్‌లో దీపాల బొమ్మలు అక్టోబరు నుంచే దాస్తున్నారు, మనవడు ఫోన్ నిండిపోయిందని మొత్తుకున్నా వినకుండా.

ఆయన ఓడిపోయింది ఒక్కసారే. సగం ధరకి తెచ్చిన కార్డుల్లో కొన్నింటి మీద ఏడాది అచ్చయి ఉండేది. 1997 వస్తే 7 నడుము వంచి 8 చేశారు. 1998 వస్తే 8 కింది సున్నాని బ్లేడుతో ఓ పక్క గీకి 9 చేశారు. ఆ ధైర్యంతో 1999 జనవరిలో వంద కార్డులు కారుచౌకగా తెచ్చారు. డిసెంబరులో బ్లేడు పట్టుకుని కూర్చుంటే అప్పుడర్థమైంది, 1999ని 2000 చెయ్యాలంటే నాలుగంకెల్లో ఒక్కటీ పనికిరాదని. పిన్నిగారు మూడ్రోజులు నవ్వారు. కట్ట ట్రంకు పెట్టె అడుక్కి చేరింది.

మొన్న పెట్టె దులుపుతుంటే అది బయటపడింది. ప్రతి కార్డు వెనకా బుల్లి క్యాలెండర్. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు లెక్కలు వేశారు.

‘ఏమే, ఇటు రా. 1999 జనవరి ఒకటి శుక్రవారం. 2027లోనూ శుక్రవారమే. క్యాలెండరంతా తు.చ. తప్పకుండా సరిపోతుంది. పైన ఏడాది మీద చిన్న స్టిక్కరేస్తే చాలు.’

‘2021లోనూ శుక్రవారమేగా, అప్పుడేం చేశారు?’

‘అప్పుడు కరోనా. పోస్టుమాన్‌కే మాస్కు. ఆ రిజిస్టరు ఇలా తే.’

రిజిస్టరు వచ్చింది. ఎడమ పేజీలో ఎర్ర సిరా పడని పేర్లు పద్నాలుగు మిగిలాయి. ఆయన వంద స్టిక్కర్లు కొనుక్కొచ్చారు.