క్రింపింగ్ పద్యానికి టీకా తాత్పర్యాలు

తే.గీ.
తెల్ల నారింజ నారింజ తెల్ల పచ్చ
నీలి తెలినీలి పచ్చయున్ నిలుపు పిదప
తెల్ల గోధుమ గోధుమ తెలిసి చివర
జంట విడదీయకున్నచో సాగు నెట్టు

అవతారిక:
కొత్త ఇంట్లో గోడలకు గాడి కొట్టి కరెంటు పైపులు వేస్తున్నారు. ప్లాస్టరింగ్ ఇంకా మొదలుకాలేదు. "వైఫై ఉండగా ఈ తీగలెందుకండీ?" అని ఇంటాయన అడ్డుపడ్డాడు. ఇది పూర్వపక్షం. సిద్ధాంతి సమాధానం: కాంక్రీటు స్లాబునూ అందులోని ఇనుమునూ దాటి మేడ మీది గదికి చేరేసరికి వైఫై నీరసిస్తుంది. పైన ఇంకో వైఫై పెట్టె పెట్టి దానితో మంచి వేగం రాబట్టాలన్నా కింది నుంచి ఒక ల్యాన్ తీగ లాగడమే మేలు. కనుక వైఫైవాది కూడా ఈ పద్యం కిందికే వస్తాడు. అట్లు ఒప్పించి, పైపులు వేయించి, క్యాట్-6 తీగ లాగించి, కొసన ఆర్జే-45 కనెక్టర్ బిగించు ఘట్టమున కవి ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థం:
తెల్ల నారింజ = నారింజ చార గల తెల్ల తీగ (ఒకటవ స్థానమందు); నారింజ = నిండు నారింజ తీగ (రెండింట); తెల్ల పచ్చ = పచ్చ చార గల తెల్ల తీగ (మూడింట); నీలి = నీలి తీగ (నాలుగింట); తెలినీలి = నీలి చార గల తెల్ల తీగ (అయిదింట); పచ్చయున్ = నిండు పచ్చ తీగను (ఆరింట); నిలుపు = వరుసగా పేర్చుము; పిదప = ఆ మీదట; తెల్ల గోధుమ, గోధుమ = ఆ పేర్ల తీగలను; చివర = ఏడు, ఎనిమిది స్థానములందు; తెలిసి = ఎరుకతో (నిలుపుము); జంట = మెలి తిరిగిన తీగల జతను; విడదీయకున్నచో = విప్పకున్నచో; నెట్టు = ఇంటర్నెట్టు; సాగున్ = నడచును.

తాత్పర్యం:
కనెక్టర్ క్లిప్పు కిందికి, తీగ దూర్చే నోరు మనవైపు ఉండేలా పట్టుకొని, ఎడమ నుంచి ఈ వరుసలో ఎనిమిది తీగలూ పేర్చి, క్రింపర్‌తో గట్టిగా నొక్కాలి. జతల మెలిక చెడనంతవరకు నెట్టుకు ఢోకా లేదని భావం.

శంక:
నారింజకు నారింజ జత, నీలికి నీలి జత, గోధుమకు గోధుమ జత పక్కపక్కనే ఉన్నాయి. పచ్చ జత మాత్రం మూడింట ఒకటి, ఆరింట ఒకటి. నడుమ నీలి జంట కూర్చుంది. జంట విడదీయవద్దన్న కవే విడదీశాడు. ఇది స్వవచన వ్యాఘాతం కాదా?

సమాధానం:
కాదు. ఇది విరోధాభాసాలంకారం. నడుమనున్న నాలుగు, అయిదు స్థానాలు పూర్వం టెలిఫోన్ లైనువి. రెండో లైను వాటికి చెరోపక్కన, మూడింటా ఆరింటా కూర్చునేది. ల్యాండ్‌లైన్ ఇంట్లోంచి వెళ్లిపోయినా దాని స్థానం దానికే ఉంది. కవి విడదీసింది కనెక్టర్‌లోని చోటును, మెలికను కాదు. జంటలోని రెండు తీగలూ ఒకే సంకేతాన్ని ఎదురెదురుగా మోస్తాయి. మెలిక ఉన్నందున బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన తేడా మాత్రమే లెక్కకు తీసుకుంటారు గనుక రొద కొట్టుకుపోతుంది. టెలిఫోన్ తీగలకు ఈ మెలికపై అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ పొందాడు. కనుక కొసన విప్పే మెలిక అరంగుళం, అంటే 13 మిల్లీమీటర్లు మించరాదు.

కొందరు చాదస్తులు అందం కోసం పచ్చ పక్కన పచ్చనే పెడతారు. రెండు కొసలా అలాగే పెట్టారు గనుక చవక టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వెలుగుతాయి. టెస్టర్ చూసేది తీగ తెగిందా లేదా అన్నదే. మూడు, ఆరు స్థానాల సంకేతం ఒక పచ్చ తీగలోనూ ఒక నీలి తీగలోనూ పోయి రొద పాలవుతుంది. కనుక ఈ పద్యానికి ప్రాణం రంగు కాదు, జంట. రంగులు ఆ జంటను గుర్తుపట్టడానికే.

పాఠాంతరం:
నారింజ జత ఉన్నచోట పచ్చ జత, పచ్చ ఉన్నచోట నారింజ అని మరొక పాఠం కలదు. దానిని 568ఏ అనీ, మన పద్యంలోని పాఠాన్ని 568బి అనీ అంటారు. ఏ-పాఠం తీసుకుంటే ఛందస్సు చెడుతుంది గాని నెట్టు చెడదు. ఏదైనా ఇల్లంతటికీ ఒకటే ఉండాలి.

ఛందో విశేషం:
తేటగీతికి పాదాలు నాలుగు, ల్యాన్ తీగకు జంటలు నాలుగు. 1999లో ప్రమాణమైన గిగాబిట్ వేగానికి నాలుగు జంటలూ కావాలి. 100 మెగాబిట్లకు ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల రెండు జంటలు చాలు. క్రింపింగ్‌లో ఎనిమిదో తీగ సరిగా అంటకపోతే చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. తేటగీతి ద్విపద అవుతుంది. ఇంటాయన నెట్ కంపెనీవాడిని తిడతాడు.

విశేషాంశాలు:
కరెంటు తీగలూ ల్యాన్ తీగలూ ఒకే పైపులో పోరాదు. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి. మూలల దగ్గర తీగను మడవరాదు. వంపు వ్యాసార్ధం తీగ మందానికి నాలుగు రెట్లకు తగ్గరాదు. 100 మీటర్ల హద్దు గురించి ఇంట్లో బెంగ అక్కర్లేదు. కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టకుండా చూసుకోవాలి. బ్లేడుతో గీకితే లోపల తెల్లబడేది అదే. దానికి నిరోధం ఎక్కువ. ఆ తీగ మీదే కరెంటు తీసుకొనే సీసీ కెమెరాలకు అది పనికిరాదు.

"తెలిసి", "చివర" అను పదములను మూడవ పాదాంతమున చేర్చి చెప్పుటలో కవి హృదయం వేరే ఉంది. తీగకు చివరలు రెండు. అటక మీది నెట్‌వర్క్ స్విచ్ దగ్గరా, గదిలోని సాకెట్ దగ్గరా, ఇది ఏ గది తీగో తెలిసేలా చీటీ అంటించాలని ధ్వని. ఆ ధ్వని గ్రహించని ఇంట, ఏ తీగ ఎక్కడికి పోతుందో తేల్చడానికి ఒకరు అటకెక్కి ఒక్కొక్కటే పీకుతుంటే, ఇంకొకరు కింద నుంచి "పోయింది, వచ్చింది" అని అరుస్తూ ఉండాలి. ఈ వ్యాఖ్యాన పద్ధతి శాస్త్ర సమ్మతం కాదు.