నీళ్లు లేని ఊళ్లో నీటిపక్షి పిల్లల్ని చూపించే విధానం

ముందుగా మనవళ్లు ఎండాకాలం సెలవులకు దిగేదాకా ఆగండి. పెన్నలో నీళ్లున్నప్పుడు వాళ్లకు బడి. బడి లేనప్పుడు పెన్నలో ఇసుక. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో, మన తాడిపత్రిలో ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ముందురోజు రాత్రి మిద్దెమీద పడుకోబెట్టి బాగా ఆశలు పెట్టండి. చిలమత్తూరు దగ్గర వీరాపురం సంగతి ఎత్తుకోండి. ఏటా ఎర్రకాళ్ల కొంగలొచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయని, ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ రానివ్వరని చెప్పండి. “అబ్బా, రేపు పోయేది ఆడికేనా?” అంటే నిద్ర నటించండి.

పక్షులు చూడాలంటే తెల్లారకముందే లేవాలంటారు. ఉగ్గాని, బజ్జీ కాకుండా ఇల్లు కదిలే వంశం కాదు మనది. తొమ్మిదిన్నరకు బయల్దేరండి. పిల్లలకు పెళ్లికి కొన్న ఎర్రచొక్కాలు తొడగండి. ఉడకబెట్టిన చెనిక్కాయలు కరకరలాడే ప్లాస్టిక్ సంచిలోనే పోయండి. వాళ్లు మాట్లాడితే మీరు “ష్!” అనే కేక గండికోట దాకా వినపడాలి.

పెన్న గట్టున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి మీదుగా పోండి. లింగం దగ్గర ఎప్పుడూ ఊరే నీళ్లు చూసి ఎవరో ఒకరు అడుగుతారు: “దేవునికి నీళ్లుండాయి, ఏటికి ల్యావేం?” జవాబు చెప్పబోకండి. గోపురాల మీది విజయనగర కాలపు చెక్కడాలు చూపించి ముందుకు నడవండి.

ఏట్లో ఎక్కడో ఒక మడుగు మిగిలి ఉంటే, మీ అదృష్టం బాగుంటే, బుడుబుంగ కనపడుతుంది. దాని పిల్లల తలల మీద చారలుంటాయని, అమ్మ వీపెక్కి రెక్కల్లో దూరి తిరుగుతాయని చెబుతూ వేలు చూపించండి. నలుగురూ మీ వేలే చూస్తారు. అది బుడుంగున మునుగుతుంది.

అప్పుడు దిగాలు పడకుండా, నాపరాయి ముక్కలు పారబోసిన బయలుకు మళ్లండి. తీతువు అరుస్తుంది. అవ్వ వెంటనే “అపశకునం, ఇండ్లకు పాండి” అంటుంది. వినబోకండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. తీతువు నీటివొడ్డు పిట్టల జాతిది. కాళ్లేమో బురదలో నడిచేటివి, కాపురం మాత్రం బండల మీద. గూడంటూ కట్టదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంటలో మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవీ రాళ్ల రంగే. ఎండ ముదిరితే మనలాగా ఎవర్నీ తిట్టదు. నీళ్లున్న చోటికి పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. (కూలర్ చెడిపోయిందని మొన్న రాత్రంతా నేను చేసిన గలాటా ఇక్కడ రాయను.) పిల్లలు గుడ్డు పగిలిన కొద్ది గంటలకే నడుస్తాయి. అమ్మ అరిచిందంటే ఎక్కడివక్కడే రాళ్లైపోతాయి.

ఇంతలో తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు నుంచే పోతుంది. అందరూ “అయ్యో పాపం” అనుకుంటూ దాని వెంట పడండి. దానికి కావాల్సిందీ అదే. వందడుగులు మిమ్మల్ని నడిపించి, చక్కగా ఎగిరిపోతుంది. ఫోనులో ఫొటో తీసుంటే చూసుకోండి, ఆకాశం బాగా పడి ఉంటుంది.

ఈ మొత్తం విధానంలో ఒకే మెలకువ ఉంది: చెప్పు వారు తెగిన చిన్నదాన్ని వెనకే వదిలేసి రావాలి. అది గొంతుక్కూర్చొని వారు దూర్చుకుంటూ పిలుస్తుంది.

“అబ్బా, ఈ రాయికి కన్నుంది!”

పరిగెత్తబోకండి. ఎక్కడివాళ్లక్కడే నిలబడండి. ఆ రాయి తోబుట్టువులు ఇంకో మూడు ఈ చుట్టుపక్కలే ఉండొచ్చు. మీ కాళ్ల కింద చూసుకోండి.