బీరువా మీది ఫిల్ము

నేను సీటీ స్కాను ఫిల్మును. చిత్తూరులో ఒక స్కాను సెంటర్లో పుట్టాను. మా వంశం పాతదేమీ కాదు. హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తయారుచేసిన యంత్రం 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలలోకి తొంగిచూసింది. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. మాకు దక్కింది మాత్రం బీరువా మీద చోటు.

నాలో ఉన్నది బంగారుపాళ్యం పక్క ఊరి మామిడి రైతు పెద్దపేగు. ఎడమ పక్క పొత్తికడుపు పట్టేసి చలిజ్వరం వస్తే, గ్యాసనుకుని రాత్రంతా వాము నమిలి, సోడా తాగి ఓర్చుకున్న మనిషి. పేగు గోడలోకి రక్తనాళాలు దూరేచోట కండ పలచగా ఉంటుంది. లోపలి ఒత్తిడికి పేగు పొర ఆ సందుల్లోంచి తోసుకొచ్చి చిన్న తిత్తులవుతుంది. చాలామంది వాటి సంగతి తెలియకుండానే బతుకు వెళ్ళదీస్తారు. తిత్తి వాచి రోగం ముదిరితేనే డైవర్టిక్యులైటిస్. నాలో పేగు గోడ మందంగా, చుట్టూ కొవ్వు మసకగా, పక్కనే చిన్న చీముగడ్డ కనబడతాయి. గడ్డ చిన్నది గనుక యాంటీబయాటిక్‌లకే కరిగింది.

ఇంటికొచ్చాక చుట్టాలంతా డాక్టర్లయిపోయారు. చెనక్కాయల గింజ తిత్తిలో ఇరుక్కుంటుందని ఎవరో అంటే, ఇంటావిడ ఊరిబిండి పచ్చడి నూరడమే మానేసింది. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవాళ్ళు. అమెరికాలో 47 వేలమంది మగవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, గింజలతో ముప్పు పెరగదని 2008లో తేల్చారు. ఆ కబురు బంగారుపాళ్యం చేరలేదు.

ఉగాండాలో పనిచేసిన డాక్టర్ బర్కిట్, ఆయన స్నేహితుడు పెయింటర్ 1971లోనే ఈ తిత్తుల రోగం పీచులేని తిండి తెచ్చిన జబ్బన్నారు. తర్వాతి పరిశోధనలు కొన్ని ఆ మాటకు అడ్డం తిరిగాయి. అయినా ఈ ఇంట్లో పీచున్న రాగిసంగటి ఎప్పుడు తగ్గిందో ఇంటావిడకు బాగా గుర్తు: 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు. ఆకలి తీర్చిన బియ్యం మీద నేరం మోపడం నాకు నచ్చదు. అలాంటి సంగతులు నా ఒంటి మీద పడవు కూడా.

నొప్పి మళ్ళీ మళ్ళీ వచ్చింది. జ్వరం కన్నా భయమే ఆయన్ని ఎక్కువ తిన్నది. పెళ్ళికి పిలిస్తే పోడు. తోటలో కాపలా పడుకోడు. చివరికి తండ్రీకొడుకులు నన్ను సంచిలో పెట్టుకుని తిరుపతి స్విమ్స్‌కు, 1993లో దేవస్థానం పెట్టిన పెద్దాస్పత్రికి, బయలుదేరారు.

"వేలూరు దగ్గర గదా, సీఎంసీ ఆస్పత్రికి పోదాం నాయినా" అని దారంతా కొడుకు గొణుగుడే.

సర్జను నన్ను వెలుతురు పెట్టె మీద ఆనించాడు. అందరూ నాకేసి చూశారు, తీర్పు నేను చెప్పాలన్నట్టు. నాకు తెలిసింది ఒక్క పూట. రైతు తేల్చుకోవాల్సింది మిగతా కాలమంతా.

"రెండుసార్లొస్తే కోసెయ్యాలనేది పాత లెక్క పెద్దాయనా" అన్నాడు సర్జను. 2006లో అమెరికా సర్జన్ల సంఘం కూడా ఆ లెక్కొక్కటే పట్టుకోవద్దంది. పేగు పగిలే ముప్పు తొలిసారికే ఎక్కువట. కానీ చీముగడ్డ కట్టింది, నొప్పి వదలడం లేదు, బతుకు కుంచించుకుపోయింది. క్యాన్సరు లేదని కొలనోస్కోపీలో తేలింది. ముందే తేదీ పెట్టుకుంటే చిన్న గాట్లతో చెడ్డ ముక్క తీసి, రెండు కొసలూ కలిపి కుట్టొచ్చు. కుట్టు లీకయ్యే ప్రమాదం లేకపోలేదు, నొప్పి మొత్తం పోతుందన్న హామీ లేదు. అర్ధరాత్రి పేగు పగిలి వస్తే మాత్రం, ఫ్రాన్సు సర్జను హార్ట్‌మన్ 1921లో చెప్పిన పద్ధతే దిక్కు కావచ్చు: పేగు కొస పొట్ట మీదికి తెచ్చి సంచి కట్టడం.

సంచి మాట వినగానే కొడుకు ముఖం మాడిపోయింది. తండ్రి తొణకలేదు.

"జూలైలో తోతాపురి కోతలు ముగుస్తాయి సార్. ఆ తర్వాత చేసెయ్యండి."

"దానికి ముందు ఇంకో స్కాను కావాల. ఇది పాతబడింది."

పాతబడింది నేనే. కోపమేమీ రాలేదు, నా పూట దాటిపోయి చాలా రోజులైంది. కొడుకు నన్ను కవర్లోకి దోపుతుంటే పెద్దాయన ఇంకో మాట అడిగాడు:

"సంగటి ఎప్పుడు తినొచ్చు సార్?"

"కొన్ని వారాలు మెత్తటన్నం. తర్వాత సంగటే తినండి, ఊరిబిండి కూడా."

"ఆ మాట మా ఇంటామెకు ఫోన్లో చెప్పండి సార్, నేను చెప్తే నమ్మదు" అని పెద్దాయన అక్కడే నంబరు కలిపాడు.