ముఖం చాటేయని ఎమ్మెల్యే

గెలిచాక ముఖం చాటేశాడన్న నింద ప్రతి ఎమ్మెల్యేకీ ఉంటుంది. మా ఎమ్మెల్యేగారికి మాత్రం లేదు. పెళ్లయినా, పెద్దకర్మయినా, కొత్త బోరులో నీళ్లు పడినా ఆయన అక్కడుంటారు. అలాంటి మనిషిని 2020లో కరోనా వచ్చాక ప్రభుత్వమే ముఖం చాటేయమంది. గుంపు కూడదు, చెయ్యి కలపకూడదు, మూతికి గుడ్డ కట్టాలి. ఆయన వృత్తికున్న పనిముట్లు ఆ మూడే. కంసాలి దగ్గర సుత్తీ, పటకారూ, కుంపటీ ఒక్కసారే లాక్కున్నట్టయింది.

మొదటి వారం కూరగాయల సంచులు పంచారు. మర్నాడు పేపర్లో ఫొటో చూసుకుని డీలా పడ్డారు. అందరూ మాస్కుల్లో ఉన్నారు. సంచి ఇస్తున్నది ఆయనో, పుచ్చుకుంటున్నది ఆయనో తేలలేదు. రెండోవారానికి విరుగుడు కనిపెట్టారు. మాస్కు మీద తన మూతినే అచ్చు వేయించారు, మీసంతో సహా, చిరునవ్వుతో సహా. పరామర్శలకి వెళ్లినప్పుడే చిక్కు. కళ్లు తుడుచుకుంటూ ఉండేవారు, కింద మూతి నవ్వుతూ ఉండేది.

అప్పుడే ప్రభుత్వం జీతాలు వాయిదా వేసింది. మా బడిపంతుళ్లకి సగం, ఎమ్మెల్యేలకి మొత్తం. "మాస్టారూ, మీకు సగమన్నా వస్తోంది, నాకు సున్నా" అన్నారు. ఆయన కారు డీజిలు ఖర్చు నా జీతం కంటే ఎక్కువని తెలిసీ ఓదార్చాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఫోను ఎత్తేవారు. ఆ రోజుల్లో ఎవరికి ఫోను చేసినా ముందు దగ్గు, తర్వాత జాగ్రత్తలు వినపడేవి కదా. జనం ఆ దగ్గు ఆయనదే అనుకుని "ఒంట్లో ఎలా ఉంది బాబూ" అని మొదలుపెట్టేవారు. హైదరాబాదు హాస్టళ్లు మూసేస్తే బయల్దేరి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ల తండ్రులు చేసేవారు. పెళ్లికి లెక్కగట్టి మనుషుల్ని రానిస్తామంటే, ఆ లెక్కలో తన తోడల్లుడు పట్టడం లేదని ఒకాయన చేశాడు. క్వారంటైన్లో ఉప్మాకి పోపు చాలలేదని ఇంకొకాయన. రాత్రి పదకొండింటికైనా ఎత్తి "చూద్దాం" అనేవారు. కొన్ని నిజంగానే చూశారు.

మే నెలలో మద్యం దుకాణాలు తెరిచారు. మా విశాఖ జిల్లాలో కొందరు మాస్టార్లకి అక్కడ వరసలు సరిచేసే డ్యూటీ పడింది. ఇదేం న్యాయమని ఆయన దగ్గర మొరపెట్టుకున్నాం. "వరసలో నిలబెట్టడం మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు మాస్టారూ?" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక చదువులు. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు మొదలయ్యాయి. మేము వాట్సాప్ గ్రూపులు పెట్టాం. ప్రతి గ్రూపులోనూ ఎమ్మెల్యేగారి నంబరు చేర్చమని పీఏ పట్టుబట్టాడు. పొద్దున్నే పువ్వులతో శుభోదయం వచ్చేది. ఒకనాడు ఓ కుర్రాడు వర్గసమీకరణం ఒకటి ఫొటో తీసి, ఇది తేలడం లేదని పెట్టాడు. నేను చాక్‌పీసు వెతుక్కునేలోపు ఎమ్మెల్యేగారి నంబరు నుంచి జవాబొచ్చింది: "మీ సమస్య నా దృష్టికి వచ్చింది. సంబంధిత అధికారులతో మాట్లాడుతున్నాను. అధైర్యపడవద్దు."

వింతేమిటంటే తేలింది. జూన్ 20న ప్రభుత్వం పదో తరగతి పరీక్షలే రద్దు చేసి అందర్నీ పాసు చేసింది. రాష్ట్రంలో ఆరు లక్షల పైచిలుకు పిల్లలకి జరిగిన మేలులో మా నియోజకవర్గం వాటా ఎమ్మెల్యేగారి కృషేనని మూడురోడ్ల సెంటర్లో ఫ్లెక్సీ లేచింది.

ఆయన్ని నిజంగా నొప్పించింది సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం. తొలి విడత 15,715 బడుల్లో మాదీ ఒకటి. ఫ్యాన్లు, బల్లలు, నీళ్లొచ్చే మరుగుదొడ్లు, అన్నీ తల్లిదండ్రుల కమిటీ చేతుల మీదుగా జరగాలి. అంటే కాంట్రాక్టరు లేడు. సాయంత్రాలు ఇంటికొచ్చి కూర్చునే కాంట్రాక్టరు లేని పనిని ఆయన జీవితంలో చూసి ఉండరు. పాపం, ఖాళీగా ఉండలేక వారానికోసారి వచ్చి ప్రతి మరుగుదొడ్లోనూ కుళాయి తిప్పి, నీళ్లు పారినంతసేపూ ఫొటో తీయించుకుని వెళ్లేవారు. పిల్లలు రాకముందే వాటిని అంతలా వాడిన మనిషి ఆయనొక్కరే.

అక్టోబరులో విద్యాకానుక సంచులొచ్చాయి. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు. ఒకటో తరగతి పిల్లకి ఎమ్మెల్యేగారే బూటు తొడగాలని ఏర్పాటు. నేలమీద గొంతుక్కూర్చుని కుడికాలికి తొడిగారు. ఎండ ఎదురుగా ఉందని ఫొటోగ్రాఫరు మళ్లీ తొడగమన్నాడు. గన్‌మన్ అడ్డొచ్చాడని మూడోసారి. అంతా అయ్యాక ఫొటోగ్రాఫరు బండెక్కి వెళ్లిపోయాడు, ఎమ్మెల్యేగారు లేచి పంచె దులుపుకున్నారు.

ఆ పిల్ల ఎడమకాలు ముందుకి చాపింది.

ఆయన అటు చూశారు, ఇటు చూశారు. కెమెరా లేదు. మాస్కు మీద మూతి మామూలుగానే నవ్వుతోంది. వెనకాలున్నది ఏం చేస్తోందో కనపడలేదు. మోకాళ్లు పట్టుకుని "అమ్మా" అంటూ మళ్లీ కూర్చున్నారు.