సోమరితనానికి అంచనా వ్యయం

రైతు ఖాతాలో డబ్బు పడ్డ మర్నాడు మదనపల్లె టీ కొట్ల దగ్గర ఆర్థికవేత్తలు మొలుస్తారు. "ఊరికే డబ్బులిచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేసేశారు సార్, కూలికి రమ్మంటే ఒక్కడూ రాడు" అన్నది వాళ్ల సిద్ధాంతం. కారు ఏసీలో కూర్చుని చెబితే దానికి ఇంకాస్త బరువొస్తుంది. పెద్దల మాటను తీసిపారేయకూడదు గనక, అంగళ్లు ఊరి దగ్గర రెండెకరాల రైతు ఒకడు సోమరిగా స్థిరపడాలంటే ఎంతవుతుందో లెక్క చూద్దాం.

అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ పథకాలు కలిపి రైతుకిచ్చేది ఏడాదికి 20,000 రూపాయలు. ఇందులో కేంద్రం వాటా 6,000, రాష్ట్రం వాటా 14,000. ఒక్కసారిగా ఇస్తే తట్టుకోలేడని కాబోలు, మూడు విడతలు. 2025 ఆగస్టు 2న తొలి విడతగా 7,000 చొప్పున 46.85 లక్షల రైతు కుటుంబాలకు వేశారు. పాత ప్రభుత్వంలో బటన్ నొక్కితే ఏడాదికి వచ్చినవి 13,500 కాబట్టి, మొత్తమ్మీద సోమరితనానికి గిట్టుబాటు ధర పెరిగింది. టమోటాకు ఆ యోగం ఇంకా పట్టలేదు.

ఇరవై వేలను 365తో భాగిస్తే రోజుకు 54 రూపాయల 79 పైసలు. ఇంట్లో ఐదుగురుంటే తలకు పదకొండు రూపాయలకు నాలుగు పైసలు తక్కువ. దాంతో పొద్దున ఒక టీ తాగొచ్చు. సాయంత్రం టీకి మాత్రం పనికి పోవాల్సిందే.

సరే, పస్తులుండైనా సోమరి అవుదామంటే ముందు సీమావు ఒప్పుకోవాలి. తెల్లారకముందే లేచి పాలు పిండి, కేంద్రంలో వెన్న శాతం చూపించుకోకపోతే ఆ పూట డబ్బులు పోయినట్టే. పట్టుపురుగులు పెంచే ఇంట్లో పరిస్థితి మరీ దారుణం. నాలుగో జ్వరం (కుబుసం విడవడం) దాటిన పురుగు మేసే మేతకు రాత్రిపూట కూడా మల్బరీ ఆకు కోసుకొచ్చి వేయాలి. పీఎం కిసాన్ విడత పడిందని పురుగుకు చెప్పి చూడండి.

ఇక టమోటా. నారు, మల్చింగ్ కవరు, డ్రిప్పు, కట్టెలు, కట్టెలకు కట్టే పురి, మందులు, కోత కూలీలు, మండీకి బండి బాడుగ... ఎకరానికి పెట్టుబడి లక్ష దాటుతుంది. ఏడు వేలంటే అందులో కట్టెల ఖర్చుకైనా చాలదు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 200 అంచుదాకా ఎగబాకినప్పుడు దేశమంతా మన రైతుల్ని కోటీశ్వరులన్నది. కొన్ని వారాలకే ధర నేలకు దిగితే ఆ కోటీశ్వరుల ఊసెత్తినవాడు లేడు. వేలంలో ఒక్క పూట ధర పడిందంటే ఏడాది సాయం ఆ పూటకే చెల్లు.

డబ్బు పడిన రోజు ఏం జరుగుతుందో చూస్తే సిద్ధాంతం ఇంకా బలపడుతుంది. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. రైతు చదవలేక కూతురి చేతికిస్తాడు. "ఏడు వేలు పడింది నాయనా" అంటుంది. ఎరువుల అంగడాయన పాత బాకీ పుస్తకం తీస్తాడు, మూడు వేలు. కుదువ పెట్టిన గొలుసుకు వడ్డీ రెండు వేలు. మిగిలినవి శెనక్కాయ విత్తనాలకు. సాయంత్రానికి ఖాతాలో కనీస నిల్వ కూడా ఉండదు. విలాసమంతా అయిపోయింది కాబట్టి మర్నాడు మామూలుగా చేలోకి పోతాడు. అయినా ఈ ఏడు వేలు లేకుంటే విత్తనాలకు మళ్లీ అప్పే. ఆ ఒక్క అప్పు తప్పింది. ప్రకటనల్లో నవ్వుతూ కనిపించే "మారిన జీవితం" ఇంతే. తక్కువేం కాదు, కానీ పూర్తిపేజీ ఫొటోకు సరిపడేదీ కాదు.

కూలికి ఎవరూ రావడం లేదన్న మాట నిజమే. వాళ్లు ఇంట్లో పడుకోలేదు, బెంగళూరులో కాంక్రీటు మోస్తున్నారు. అక్కడ కూలి ఎక్కువ.

నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, మరికొందరు కలిసి ఆరు దేశాల్లో నగదు బదిలీ పథకాల్ని పరీక్షించారు. డబ్బు అందుకున్నవాళ్లు పని మానేశారనడానికి ఆధారం కనపడలేదని 2017లో అచ్చువేశారు. పాపం, మన టీ కొట్టు దగ్గర ఒక్క కప్పు తాగి ఉంటే వాళ్లకంత శ్రమ తప్పేది. కంపెనీల సంగతి మాత్రం వేరు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. దాంతో ఖజానాకు ఏటా లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. యజమానులు పనిమానేసి పడుకుంటారేమోనని అప్పుడు ఒక్కరూ బెంగపెట్టుకోలేదు. దాని పేరు ప్రోత్సాహకం.

ఇంతకీ సోమరి దొరకలేదనుకోకండి, దొరికాడు. భూమి అంగళ్లులో ఉంది, పాస్‌బుక్ ముసలాయన పేరిట ఉంది, ముసలాయన కొడుకు దగ్గర బెంగళూరులో ఉన్నాడు. కొడుకు ఆదాయపు పన్ను కడతాడు గనక అనర్హుడు. తండ్రికి ఆ ఇబ్బంది లేదు, విడత తప్పకుండా పడుతుంది. చేను దున్నేది గుత్తకు తీసుకున్నవాడు. వాడికి సాయం రావాలంటే పంట సాగుదారు హక్కుల కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ పదకొండు నెలల కార్డుకు యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందని ముసలాయన భయం. కాబట్టి సాయం తీసుకునేవాడు సోఫాలో, సాగు చేసేవాడు బురదలో. మన ఆర్థికవేత్తలు వెతుకుతున్న మనిషి ఈయనే. కాకపోతే టీ కొట్టు దగ్గర ఈయన పేరెత్తరు. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆ ఏసీ కారు ఈయన్ని దించడానికే వస్తుంది మరి.