తోక కొలత: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
చిన్న తొట్టిలోన చేప యొక్కటి నిల్పి
తిండి పెట్టువాడు తెలియవలయు
నీరు మార్చకున్న నిదుర లేదింటికి
తొట్టి కొలత కాదు తోక కొలత

అవతారిక: ఈ పద్యానికి కర్తను నేనే, వ్యాఖ్యాతనూ నేనే. ఇందులో ఒక సుఖముంది. మూలంలో ఎక్కడైనా తప్పు దొర్లితే దాన్ని విశేషమని చూపించి గట్టెక్కవచ్చు. మూలం దాటి ఒక్క మాట రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పూనాడు. ఆయన ఇంట్లో ఆస్కారు చేప ఉన్నట్టు లేదు.

రెండేళ్ళ కిందట మావాడి పుట్టినరోజుకు రెండంగుళాల ఆస్కారు పిల్లను, దానితోపాటు రెండడుగుల గాజు తొట్టిని కొన్నాం. బొగ్గు మీద నిప్పు రాజుకున్నట్టు నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు. పెద్దదవుతుందా అని అడిగితే దుకాణదారు "తొట్టిని బట్టే పెరుగుద్ది సార్, ఏం కాదు" అన్నాడు. శాస్త్ర పరిభాషలో దీన్ని పూర్వపక్షం అంటారు. పై పద్యమంతా దానికి సమాధానం.

ప్రతిపదార్థం: చిన్న తొట్టిలోన = రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజుపెట్టెయందు (అంచుదాకా నింపిన 56 లీటర్లు; అడుగున గులకరాళ్ళు, పైన వెలితి పోగా యాభై కూడ దక్కవు); చేప యొక్కటి = సిక్లిడ్ కుటుంబమునకు చెందినదియు, అమెజాను నదీప్రాంతము పుట్టిల్లుగా గలదియు, మన చెరువులలోని తిలాపియాకు దూరపు చుట్టమును అగు ఆస్కారును; నిల్పి = నిలిపి; తిండి పెట్టువాడు = మావాడు (మొదటి వారము), నేను (తరువాత); తెలియవలయు = కొనుటకు ముందే తెలిసికొనవలసినది; నీరు మార్చకున్న = వారమునకొకమారైనను మూడోవంతు తోడి కొత్తనీరు పోయనిచో; ఇంటికి = ఇంటిల్లిపాదికి; నిదుర లేదు = స్పష్టము.

వ్యాకరణం: చేప + ఒక్కటి, యడాగమం. లేదు + ఇంటికి, ఉత్వసంధి. ఇక చాలు.

విశేషాలు: "ఉంచి" అనకుండా "నిల్పి" అనడంలో కవి హృదయం పట్టుకోవాలి. బాగా మేస్తే ఆస్కారు ఏడాది తిరిగేసరికి పది అంగుళాలు పెరుగుతుంది, ఆపైన అడుగు దాకా సాగుతుంది. అడుగు వెడల్పు తొట్టిలో అడుగు చేప నిలవగలదు, సుఖంగా మళ్ళలేదు. మావాడి చేప గోడ దాకా వెళ్ళి, ఒంటిని విల్లులా వంచి, తోకను అద్దానికి రాస్తూ తిరగడం నేను దగ్గర కూర్చుని చూశాను. వెడల్పు సంగతి నాకు అప్పుడు బుర్రకెక్కింది. అన్ని దుకాణాల్లోనూ పొడవు చెప్పి అమ్ముతారు, వెడల్పు అడిగినవాడు లేడు.

అయితే తొట్టిని బట్టి పెరగడం బొత్తిగా అబద్ధమా? కాదు, అదే చిక్కు. ఇరుకు తొట్టిలో కొన్ని చేపలు గిడసబారిన మాట నిజమే. అది తొట్టి కొలతకు మర్యాదగా ఒదిగిపోవడం కాదు, మురికినీళ్ళలో బతకలేక కుంగిపోవడం. పదేళ్ళకు పైగా బతకగల జీవి రెండేళ్ళకే వెల్లకిలా తేలితే "చూశారా, చిన్నగానే ఉంది" అనుకోవడం పూర్వపక్షులకే చెల్లింది.

మూడో పాదంలో "నీరు" అన్న మాటకు వ్యాఖ్యానం కాస్త పొడుగవుతుంది. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత గింజలు, పెంట కుళ్ళినా అదే పుడుతుంది. కంటికి నీళ్ళు తేటగానే ఉంటాయి, మొప్పలు మాత్రం మండుతుంటాయి. ఈ అమ్మోనియాను తినడానికి ఫిల్టరు స్పాంజిలో ఒక జాతి బ్యాక్టీరియా కాపురముంటుంది. అది అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటూ విషమే. మరో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది కొంత మెత్తని విషం, కానీ పేరుకుపోతుంది. దీన్ని తినే నాథుడు ఫిల్టరులో లేడు. బకెట్టు పట్టుకున్నవాడే ఆ మూడో జాతి.

కొత్త తొట్టిలో ఈ కాపురాలు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా తొట్టినీ చేపనూ ఒకే పూట అమ్మేస్తారు. నేను అంతకంటే ఘనకార్యం చేశాను. మొదటి నెలలోనే స్పాంజి నల్లబడిందని కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా పిండాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఒక్క ఉతుకుతో ఊరు ఊరంతా ఖాళీ. స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్ళలోనే జాడించాలి, అదీ పైపైన. కొత్తగా పోసే మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ విరుగుడు మందు కలిపి, లోపలి నీటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడే పోయాలి.

అప్పటి సంగతే "నిదుర లేదింటికి". రాత్రి రెండు గంటలకు హాల్లో టక్, టక్ అని చప్పుడు. దొంగలనుకుని లేచాం. చేపగారు మూతను తలతో కొడుతున్నారు. నీరు మండితే ఇలా ఎగిరిపడుతుంది. పగలు చూస్తే మూలకు చేరి ఒక పక్కకు ఒరిగి పడుకుంది. అలిగినా ఆస్కారు అలాగే పడుకుంటుంది కాబట్టి ఏది జబ్బో ఏది అలకో కనిపెట్టడానికి ఓపిక కావాలి. మూడు రోజులు తిండి ఆపి, రోజూ పావువంతు నీరు మారిస్తే లేచి కూర్చుంది, అంటే ఈదింది.

తిండి విషయంలో మావాడికి, నాకు ఇప్పటికీ భేదాభిప్రాయం ఉంది. అది మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికొచ్చి తోకాడిస్తే ఎవరికైనా చెయ్యి డబ్బా మీదికే పోతుంది. రోజుకు రెండుసార్లు, నిమిషంలో తినేసేటంత గింజలు చాలు, వారానికొక రోజు పస్తు. ఇంట్లో వండగా మిగిలిన చికెన్ ముక్కలు, వేటకని వేసే చవక గోల్డు ఫిష్షులు వద్దు. కొవ్వు పడదు, ఆ చేపలతో రోగాలూ వస్తాయి.

అలంకారం: నాలుగో పాదంలో తోకను ప్రత్యేకంగా పట్టుకోవడానికి కారణముంది. ఆస్కారు తోక మొదట్లో నారింజ వలయం చుట్టిన నల్లటి చుక్క ఉంటుంది, అచ్చం కన్ను. 1831లో అగాసిజ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చేపను శాస్త్రానికి పరిచయం చేస్తూ ఒసెల్లాటస్ అని పేరు పెట్టాడు. లాటిన్లో చిన్నకన్ను గలది అని అర్థం, మనకైతే బహువ్రీహి. రెక్కలు కొరికే పిరానా వంటి చేపలు తోకను తల అనుకుని వెనక్కి తగ్గుతాయని శాస్త్రజ్ఞుల భావన. కనుక ఇది భ్రాంతిమదలంకారం, అదీ సజీవం.

తాత్పర్యం: చేపను కొనేవాడు ఇవాళ సంచిలో కనబడే రెండంగుళాలను కాక, రాబోయే పన్నెండంగుళాలను చూసి తొట్టి కొనాలి. ఒక్క ఆస్కారుకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కనీసం. దాదాపు 255 లీటర్లు, అంటే రెండున్నర క్వింటాళ్ళ నీరు, కనుక స్టాండూ గట్టిది కావాలి. అంత వీల్లేనివాడు చిన్న చేపను తెచ్చుకోవాలి. పెద్ద తొట్టి ఉన్నా నీరు మార్చడం తప్పదు.

పాఠాంతరం: మా ఆవిడ ప్రతిలో చివరి పాదం "తొట్టి కొలత కాదు హాలు కొలత" అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి చెడింది. ఆ మాట అంటే ఆమె టేపు తెచ్చి గోడకీ సోఫాకీ మధ్య కొలిచి చూపించింది. మూడడుగుల ఎనిమిదంగుళాలు. ప్రస్తుతానికి ఆ పాఠమే ప్రమాణం. సోఫా ఎవరికైనా కావాలంటే చెప్పండి, మూడు సీట్లది, రెండు చోట్ల మాత్రమే చిరిగింది.